వరుసలో మిగిలిన ఐదు నాణేలు

విశాఖపట్నం సీతమ్మధార నుంచి ఒక ఉపాధ్యాయురాలు ఐదు పేజీల ఉత్తరం రాశారు. పేరు బయటపెట్టవద్దని కోరారు కనుక సారాంశం మాత్రం ఇస్తున్నాను. ఆమె భర్త మర్చంట్ నేవీలో ఇంజనీరుగా పనిచేసి, ఐదేళ్ళ కిందట ఓడలు మానుకొని ఇంటికి వచ్చేశారు. వారికి ఒక్కతే కూతురు. 1998 ఆగస్టులో ఆ పాప పుట్టినప్పుడు ఆయన సముద్రం మీద ఉన్నారు, నాలుగో నెల వచ్చాకగానీ బిడ్డ ముఖం చూడలేదు. ఆ అమ్మాయికి ఇప్పుడు పెళ్ళి కుదిరింది, మాఘమాసంలో ముహూర్తం. మనవరాలి మెడలో పది కాసుల కాసులపేరు పడాలని అత్తగారు పట్టుబట్టారు. బంగారం ఇంట్లోనే ఉండగా బజారుకు పరుగెత్తడం దేనికని ఆమె వాదన.

ఇంట్లో ఉన్న ఆ బంగారమంతా నాణేలే. ఆస్ట్రేలియాలోని పెర్త్ మింట్ అనే టంకశాల చైనా పంచాంగం ప్రకారం ఏడాదికొక జంతువు బొమ్మతో, పన్నెండేళ్ళకు పన్నెండుగా విడుదల చేసే చాంద్రమాన వరుసలో పావు ఔన్సు ప్రూఫ్ నాణేలు, అంటే సేకరణ కోసం అద్దంలా మెరిసేలా ప్రత్యేకంగా ముద్రించినవి, ఏడు ఉన్నాయి. 2020 ఎలుక నుంచి 2026 గుర్రం దాకా ఏటా ఒకటి చొప్పున ఆయన కొన్నారు, ఓడలు మానేశాక కొన్నవాటిని సింగపూర్‌లో ఉన్న మేనల్లుడు వచ్చేటప్పుడు తెచ్చిపెట్టాడు. వాటితోపాటు బ్రిటిష్ సావరిన్లు ఆరు, బ్యాంకులో కొన్న లక్ష్మీదేవి బొమ్మ నాణేలు ఐదేసి గ్రాములవి నాలుగు ఉన్నాయి. పెట్టె మూలలో చొక్కా బొత్తాం కన్నా కాస్త పెద్దదిగా, పులి బొమ్మతో, 1998 అని ముద్రించిన చిన్న నాణెం ఒకటి ఉంది. దాని సంగతి అడిగితే "అది లెక్కలోకి రాదు" అని మాట తప్పించారట.

గత నెలలో అత్తాకోడళ్ళిద్దరూ ఆయనకు చెప్పకుండా ఆ ఏడింటిలోని 2023 కుందేలు బొమ్మ నాణేన్ని కురుపాం మార్కెట్‌లో తెలిసిన కొట్టుకు తీసుకెళ్ళారు. కొట్టు యజమాని దాన్ని డబ్బీలోంచి తీసి, గీటురాయి మీద గీసి చూస్తానని, ఏదైనా కరిగించాకే లెక్క చెబుతానని అన్నాడు. ఆమెకు మనసొప్పక వెనక్కి తెచ్చేశారు. ఆ విషయం ఆయనకు తెలిసింది. ఆయన కోప్పడలేదు. ప్రతి ఆదివారం భోజనాలయ్యాక బల్ల మీద తెల్ల తువ్వాలు పరిచి పెట్టె తెరిచే మనిషి, రెండు ఆదివారాలుగా దాని జోలికి పోలేదు. "ఇవన్నీ అమ్మాయి కోసమే అని ఇన్నాళ్ళూ చెప్పి, ఇప్పుడు వరుస తెగితే విలువ పోతుందంటున్నారు. ఆ మాట నమ్మాలా? కరిగించమనడం తప్పా? మిగిలిన ఐదూ కొనవద్దని చెప్పే హక్కు నాకు లేదా?" అని ఆమె అడుగుతున్నారు.

అమ్మా,

మీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు పెట్టెలో ఉన్నదంతా ఒకే బంగారంగా కనిపించింది. రెండోసారి చదివితే అందులో మూడు రకాల బంగారం ఉందని తెలిసింది. మీ ఇంట్లో ముగ్గురూ మూడు వైపులకు లాగుతున్నది ఆ మూడింటినీ ఒకే మూటగా చూడటం వల్లనే. కనుక ముందు వాటిని విడదీద్దాం.

బ్యాంకులో కొన్న లక్ష్మీ నాణేల సంగతి తేలిక. అవి మేలిమి బంగారమే, కానీ వాటిని సేకరణ కోసం వెతికేవారు ఎవరూ లేరు. ఆ బొమ్మ ఈ ఏడాదీ వస్తుంది, వచ్చే ఏడాదీ వస్తుంది. పైగా అమ్మిన బ్యాంకు తిరిగి కొనదు. వాటిని నగ కోసం ఇచ్చేస్తే పోయేది ఏమీ లేదు, మీవారు కూడా వాటి గురించి పట్టుబడతారని నేను అనుకోను.

సావరిన్ల దగ్గర కొంచెం ఆగి చూడాలి. సావరిన్ బరువు 7.988 గ్రాములు, 22 క్యారట్లు. మన కాసు అంటే ఎనిమిది గ్రాములని లెక్కగట్టే అలవాటుకు దీనికంటే దగ్గరగా వచ్చే నాణెం లేదు, మీ అత్తగారికి చూపిస్తే ఆమే ఇట్టే గుర్తుపడతారు. మీరు రాసిన సంవత్సరాల్లో 1974, 1976, 1979, 1981 నాణేలు లక్షల సంఖ్యలో ముద్రించినవి. బంగారం విలువకు మించి వాటికి వచ్చేది స్వల్పం, మన ఊళ్ళో అదీ రాదు. మిగిలిన రెంటినీ మాత్రం పక్కన పెట్టండి. 2002 నాణెం వెనుకవైపు మామూలుగా ఉండే సెయింట్ జార్జ్ గుర్రపుస్వారీ బొమ్మ ఉండదు, కిరీటం కింద డాలు ఉంటుంది. రెండో ఎలిజబెత్ రాణి పాలనకు 50 ఏళ్ళు నిండిన సందర్భంగా ఆ ఒక్క ఏడాదికి మార్చిన నమూనా అది. 2013 నాణేన్ని భూతద్దంతో చూడమని మీవారికి చెప్పండి. దాని మీద ఇంగ్లీషు 'ఐ' అక్షరం సన్నగా ఉంటే అది రాయల్ మింట్ అనుమతితో మన దేశంలోనే ముద్రించిన సావరిన్. 1918లో బొంబాయిలో ముద్రించినవాటి మీదా ఇదే అక్షరం ఉండేది, ఆ తర్వాత మళ్ళీ 2013లోనే ఇక్కడ ఆ అక్షరంతో నాణెం వచ్చింది. సావరిన్లు పోగుచేసేవారు ఈ అక్షరం కోసం వెతుకుతారు.

ఇప్పుడు కాగితం మీద లెక్క వేద్దాం. మామూలు సావరిన్లు నాలుగూ కలిపి దాదాపు 32 గ్రాములు, అవి 22 క్యారట్లే కనుక నగకు యథాతథంగా లెక్కకు వస్తాయి. లక్ష్మీ నాణేలు 20 గ్రాముల మేలిమి, నగ బంగారం లెక్కలోకి మారిస్తే 21.8 గ్రాములు. రెండూ కలిపితే సుమారు 54 గ్రాములు. పది కాసుల పేరుకు 80 గ్రాములు కావాలి. అంటే తరుగు, మజూరీ, కొత్త నగ మీద 3 శాతం జీఎస్టీ కాక, మీకు కొరత పడుతున్నది 26 గ్రాములు. మీరు రెండు నెలలుగా ఏడు నాణేల గురించి ఘర్షణ పడుతున్నారు కానీ, ఇంటి అవసరంలో మూడింట రెండు వంతులు ఆ ఏడింటినీ తాకకుండానే తీరుతుంది. ఈ లెక్క మీ అత్తగారి ముందు, మీవారి ముందు ఒకేసారి పెట్టండి. విడివిడిగా చెబితే ఒకరి గెలుపులా మరొకరికి వినిపిస్తుంది.

ఇక అసలు పేచీ అయిన చాంద్రమాన వరుస. పెర్త్ మింట్ 1899లో బ్రిటిష్ రాయల్ మింట్ శాఖగా మొదలై, ఈనాటికీ నడుస్తున్న టంకశాల. మనకు ప్రభవ, విభవ అంటూ అరవై సంవత్సరాల చక్రం ఉన్నట్టే చైనావారికీ అరవై ఏళ్ళ చక్రం ఉంది, అందులో పన్నెండు జంతువులు పన్నెండేళ్ళకొకసారి తిరిగి వస్తాయి. ఆ పన్నెండింటినీ ఒక వరుసగా ముద్రించడం ఈ మింట్ 1996లో మొదలుపెట్టింది. మొదటి వరుస 2007తో, రెండోది 2019తో ముగిశాయి. మీవారు కొంటున్నది 2020లో మొదలై 2031లో పందితో ముగిసే మూడో వరుస.

వరుసగా ముద్రించడంలోనే దాని ఆకర్షణంతా ఉంది. ఒక నాణెం కొన్నవాడికి అది ఒక నాణెం, మూడు కొన్నవాడికి తొమ్మిది ఖాళీలు కనిపిస్తాయి. ఆ ఖాళీ పెట్టే బాధ నాకు తెలుసు, సేకరణ చేసే ప్రతివాడికీ తెలుసు. అందులో మోసమేమీ లేదు, ఆనందం కూడా చాలా ఉంది. అయితే ఆ బాధను మనం విలువ అని పొరబడుతుంటాం. "వరుస తెగితే విలువ పోతుంది" అని మీవారు అన్నప్పుడు ఆయన అబద్ధం చెప్పలేదు, కానీ ఆ మాట నిజమూ కాదు. పూర్తికాని వరుసలోని ఏడు నాణేలు ఏడు నాణేలుగా నిలబడతాయి. వీటిలో డ్రాగన్‌కు అన్నిటికంటే ఎక్కువ గిరాకీ, 2024 డ్రాగన్ ఒక్కదాని కోసమే అడిగేవారు ఉంటారు. పోనీ పన్నెండూ పూర్తయితే పెద్ద ధర వస్తుందా అంటే, ఆ హామీ కూడా ఎవరూ ఇవ్వలేరు. మొత్తం వరుస కావాలనుకునేవాడు చాలాసార్లు మొదటి నుంచీ తానే కూర్చుకుంటాడు, ఇంకొకరు కూర్చినదాన్ని అధిక ధరకు కొనేవారు తక్కువ.

తక్కువ ముద్రించారు కనుక ధర పెరుగుతుందన్న మాటకు ఎదురు ఉదాహరణ అమెరికాలో ఉంది. అధ్యక్షుల భార్యల పేరిట అక్కడి మింట్ 2007 నుంచి 2016 దాకా అర ఔన్సు మేలిమి బంగారు నాణేల వరుస నడిపింది. మొదటి రెండు నాణేలు 40,000 చొప్పున పరిమితి పెడితే గంటల్లో అయిపోయాయి. ఏళ్ళు గడిచేకొద్దీ ఆసక్తి సన్నగిల్లి, తర్వాతి నాణేల అమ్మకాలు కొద్ది వేలకు పడిపోయాయి. సంఖ్య చూస్తే అవి చాలా అరుదైనవి. అయినా వాటిలో ఎన్నో నాణేలు బంగారం ధరకు అటూ ఇటూగా చేతులు మారాయి. అరుదుగా ఉండటం ఒక సంగతి, కావాలని అడిగేవాడు ఉండటం ఇంకొక సంగతి. సర్టిఫికెట్ మీద అచ్చయిన సంఖ్య మొదటిదాన్ని చెబుతుంది, రెండోదాన్ని ఏ కాగితమూ చెప్పదు.

కనుక ఒక పని చేయండి, మీరు కాదు, ఆయన చేత చేయించండి. ఒక కాగితం మీద నాలుగు గడులు గీసి, మొదటి గడిలో ఒక్కో నాణేనికి పెట్టిన డబ్బు బిల్లు చూసి రాయమనండి. పావు ఔన్సు అంటే 7.776 గ్రాములు కదా, కొన్ననాటి ధరకు అంత బంగారం విలువ ఎంతో రెండో గడిలో రాయాలి. ఈ రెంటికీ ఉన్న తేడాయే ఆయన బొమ్మ కోసం, ముద్రణ నాణ్యత కోసం, వరుస కోసం చెల్లించినది. మూడో గడిలో ఈనాటి బంగారం విలువ, నాలుగో గడిలో ఎవరైనా నిజంగా ఇస్తామన్న ధర. ప్రకటనల్లో అమ్మేవాడు అడిగే ధర కాదు, కొనేవాడు ఇచ్చే ధర. మూడో గడి చూసి అందరికీ సంతోషం కలుగుతుంది, ఎందుకంటే ఈ రెండు మూడేళ్ళలో బంగారం అంతగా పెరిగింది. ఆ పెరుగుదల లక్ష్మీ నాణేలకూ అంతే వచ్చింది. వరుస తెచ్చిన లాభం ఏదైనా ఉంటే అది మూడో గడికీ నాలుగో గడికీ మధ్య ఉంటుంది. దాన్ని ఆయన తన చేతిరాతతో చూసుకోవాలి. మీరు చెబితే అది నిందలా వినిపిస్తుంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు చెబుతాను. అన్నీ కరిగిస్తే ఏడు నాణేల నుంచి 54.4 గ్రాముల మేలిమి, అంటే నగ లెక్కలో 59 గ్రాములకు పైగా వస్తుంది. కాసులపేరు పూర్తయి ఇంకా మిగులుతుంది. కానీ బొమ్మ కోసం చెల్లించిన అదనపు డబ్బు కొలిమిలో పోతుంది, మళ్ళీ తరుగు, మజూరీ వేరే కట్టాలి. ఈ దారి తప్పని నేను అనను. బంగారం ఇంటి అవసరానికి కాకపోతే దేనికని మీ అత్తగారు అడిగితే ఆ ప్రశ్నలో చాలా న్యాయం ఉంది, ఆ తరం ఇళ్ళు నిలబెట్టింది అలాగే. అయితే మీ అవసరానికి అంత దూరం వెళ్ళాల్సిన పని కనిపించడం లేదు.

రెండో దారి, ఏడింటినీ సేకరణకర్తలకు అమ్మడం. విశాఖలో వీటిని నాణేలుగా కొనేవారు దొరకడం కష్టం. ముంబై, బెంగళూరుల్లో నాణేల వేలం సంస్థలు ఉన్నాయి, అక్కడ నెలల వ్యవధి పడుతుంది, కమిషన్ పోతుంది, మాఘమాసానికి డబ్బు చేతికి రావడం అనుమానమే. పన్ను కూడా గుర్తుంచుకోండి. కొని 24 నెలలు దాటిన బంగారం మీద లాభానికి 12.5 శాతం పన్ను, అంతకు లోపైతే మీ ఆదాయపు శ్లాబు ప్రకారం పడుతుంది. నాణెం ఇచ్చి నగ తీసుకున్నా చట్టం దాన్ని అమ్మకంగానే చూస్తుంది కనుక సావరిన్ల విషయంలోనూ ఆడిటర్‌ను ఒక మాట అడగండి. తాకట్టు పెట్టవచ్చు కదా అనుకుంటారేమో, బ్యాంకులు నాణేల మీద అప్పు ఇచ్చినా మనిషికి 50 గ్రాములకు మించి ఇవ్వవు, విదేశీ నాణేలంటే వెనకాడతాయి, బొమ్మకు విలువ కట్టవు.

మూడో దారి, ఏడింటినీ ఉంచుకుని కొరత పడిన 26 గ్రాములు కొనడం. మీ శక్తికి అది అందుతుందో లేదో మీకే తెలియాలి. అందకపోతే ఆరు కాసులతో చేయించే కాసులపేరు కూడా అందంగానే ఉంటుంది. అసలు ఇంత చర్చలోనూ మీ అమ్మాయి మాట ఒక్కటీ మీ ఉత్తరంలో లేదు. బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్న పిల్ల ఎంత బరువు మెడలో వేసుకోవాలనుకుంటుందో ఆమెనే అడగండి.

మిగిలిన ఐదు నాణేల విషయంలో మీకు హక్కు ఉందా అని అడిగారు. తప్పకుండా ఉంది. 2031 దాకా ఐదు నాణేలంటే దాదాపు 39 గ్రాముల మేలిమి, దాని మీద వరుస కోసం కట్టే అదనం. ఇంత ఖర్చు ఇద్దరూ కూర్చుని ఒప్పుకున్నదై ఉండాలి. పూర్తిగా మానేయమనడం ఒక పద్ధతి. ఏడాదికి ఇంత అని ఒక మొత్తం ఒప్పుకుని, అందులో వస్తే కొనడం, రాకపోతే ఆ ఏడాది ఖాళీగా వదిలేయడం ఇంకొక పద్ధతి. ఇదే బొమ్మలు వెండిలో కూడా వస్తాయి, మిగిలిన ఐదూ వెండిలో కొంటే వరుస స్వచ్ఛత తగ్గుతుంది కానీ ఆనందం తగ్గకపోవచ్చు. ఏది ఎంచుకున్నా, "అమ్మాయి కోసం" అన్న మాట మాత్రం ఇక వాడవద్దని ఆయనకు మెల్లగా చెప్పండి. ఇది తన ఇష్టమని ఆయన ధైర్యంగా చెప్పుకోగలిగితే మీరు ఆ ఇష్టానికి ఎంత ఇవ్వగలరో లెక్క వేసుకోగలరు. ఇష్టాన్ని పొదుపు అని పిలిచినంతకాలం, పొదుపు అవసరానికి అందలేదని మీరు బాధపడుతూనే ఉంటారు.

మేనల్లుడి సంగతి కూడా ఆలోచించాలి. విదేశాల నుంచి వచ్చేవారికి నగల మీద ఇచ్చే సుంకం మినహాయింపు నాణేలకు వర్తించదు. విమానాశ్రయంలో చూపించి సుంకం కట్టాల్సిందే, ఆరు నెలలైనా విదేశంలో ఉండి వచ్చినవారికే తక్కువ సుంకం. ఆ రసీదులు ఉంటే జాగ్రత్త చేయండి. లేకపోతే అమ్మే ఆలోచనకు ముందు కస్టమ్స్ వ్యవహారాలు తెలిసిన న్యాయవాదిని కలవండి, ఇకపై ఆ అబ్బాయి చేత తెప్పించవద్దు. పెళ్ళింట్లో ఆ చిక్కు ఎవరికీ వద్దు.

ఆ చిన్న పులి నాణెం గురించి నాకు తోచింది చెబుతాను, తప్పయితే మన్నించండి. 1998 చైనా లెక్కలో పులి సంవత్సరం. మొదటి వరుసలో ఆ ఏడాది ఔన్సులో ఇరవయ్యో వంతు నాణెం కూడా వచ్చింది, బరువు గ్రామున్నర. బిడ్డ పుట్టిన కబురు అందాక ఏదో రేవులో దిగి, చేతిలో ఉన్న డబ్బుకు వచ్చినంత బంగారం కొన్న మనిషి నాకు అందులో కనిపిస్తున్నాడు. మీ ఇంట్లో ఈ నాణేల కథ 2020లో కాక అక్కడే మొదలై ఉండవచ్చు. అది లెక్కలోకి రాదని ఆయన అన్నది దాచడానికి అయి ఉండదు. ఎక్కడ కొన్నారో అడగండి, అమ్మాయి ఇంటికి వచ్చినప్పుడు ఆమె ఎదుటే అడగండి.

చివరగా ఆ కుందేలు నాణెం. కొట్టులో డబ్బీ తెరిచారన్నారు. ప్రూఫ్ నాణెం మీద బొమ్మ చుట్టూ ఉన్న ఖాళీ భాగం అద్దంలా ఉంటుంది, బొమ్మ మసకగా పైకి తేలి ఉంటుంది, ఆ అద్దం మీద వేలు పడితే ముద్ర నిలిచిపోతుంది. మీవారు రెండు వారాలుగా పెట్టె తెరవకపోవడానికి కారణం అదేనేమో, చూడటానికి భయపడుతున్నారేమో. మీరే చొరవ తీసుకుని, ఆ రోజు ఏం జరిగిందో ఆయనకు చెప్పండి, గీటురాయి మీద పెట్టనివ్వలేదన్న సంగతి కూడా చెప్పండి. మచ్చ కనిపిస్తే చీర కొంగుతోగానీ మెత్తటి గుడ్డతోగానీ తుడవవద్దు, సన్నని గీతలు పడి మచ్చకంటే ఎక్కువ చెడిపోతుంది. అంచులు పట్టుకుని డబ్బీలో పెట్టి, శుభ్రం చేసే పని ఆయనకు వదిలేయండి. రేపు సావరిన్లు కొట్టుకు తీసుకెళ్ళేటప్పుడు మాత్రం ఆయన్ను వెంటబెట్టుకుని వెళ్ళండి. ఏ నాలుగు ఇవ్వాలో, ఏ రెండు ఇవ్వకూడదో ఆయనే భూతద్దం పెట్టి ఏరి ఇస్తారు.